నాయిన ఎండ్‌మిల్ కట్టర్

ఇలా నా పక్కకు జరిగి కూర్చోండి, చెబుతాను. నా చిన్నప్పుడు మేము రహమత్ నగర్‌లో ఉండేవాళ్లం. మా నాయినకు రేకుల షెడ్డులో ఇనుమును కోసి చెక్కే మిల్లింగ్ మిషను ఒకటి ఉండేది. ఫిల్మ్‌నగర్ షూటింగులవాళ్ల ఇనుప పనులు అక్కడికి వచ్చేవి. ఈ సంగతి జరిగిన ఏడే మా అమ్మ పోయింది. పొయ్యీ మిషనూ రెండూ నాయిన మీదే పడ్డాయి. పొద్దున లేవడమే అలిసిపోయి లేచేవాడు.

కెమెరా కింద బిగించే పలకలో గాడి తీయించాలని స్టూడియో మేనేజరు ఒకాయన వచ్చాడు. ఆ పని అడుగు చదునుగా ఉండే ఎండ్‌మిల్ కట్టర్‌తో చేయాలి. చూడటానికి డ్రిల్లులాగే ఉంటుంది గానీ, మా దగ్గరున్న రకానికి అడుగున నడిమధ్య పదును ఉండదు. నిలువునా పొడిస్తే దిగదు. పక్కకు నడుస్తూ కోస్తుంది. అంతా తెలిసిన నాయినే, ముందురోజు అలసటలో ఒకదాన్ని డ్రిల్లులా దించేసి విరగ్గొట్టాడు. ఇక మిగిలింది ఒక్కటే. అదీ పోతే ఆ స్టూడియో మళ్లీ మా గడప తొక్కదు.

ఆ రోజు ముందు డ్రిల్లుతో బెజ్జం వేశాడు. అందులోకి కట్టర్ దించి, గోరుమందం కూడా లేని పొర తీశాడు. మళ్లీ కాస్త దించి మరో పొర. పొడుగుమూతి డబ్బాతో నూనె చుక్కలు వేయడం నా పని.

"ఏంటండీ, అలా గోకుతున్నారు? అక్కడ హీరోగారు మేకప్ వేసుకుని కూర్చున్నారు. ఒక్కసారే లోతంతా తీసెయ్యండి!" అన్నాడు మేనేజరు.

"తీస్తా సార్. గిది ఇరిగిందనుకో, మీ హీరో మేకప్ కడుక్కునుడే" అన్నాడు నాయిన. తర్వాత నా వైపు తిరిగి, "నిన్న అలిసిపోయి జల్ది చేసిన బిడ్డా. అలిసిన దినం జర్రంతనే దించాలె" అన్నాడు.

గాడి పూర్తయింది. కట్టర్ విరగకుండా నిలిచింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, అన్ని నెలలుగా ముట్టని అమ్మ పెట్టె తెరిచాడు. పైనున్న చీర ఒక్కటే తీసి నా ఒళ్లో పెట్టి, మూత వేసేశాడు. "ఇయాల్టికి గింతే" అన్నాడు.

ఇప్పుడు మా ఇంటాయన లేరు. ఆయన బీరువా నా ముందుంది. ఓపిక ఉన్న రోజున ఒక చొక్కా తీసి మడతపెడతాను, తలుపు వేసేస్తాను.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. ఎంత బరువొచ్చినా, మీకు పొరలు పొరలుగానే రావాలి.