చెక్క నాకి చెప్పేవాడు

ఒకసారి కళ్ళకి గంతలు కట్టి ఏడు రకాల దాణా చెక్క నోట్లో వేస్తే, ఏది ఏ నూనె మిల్లుదో చెప్పడమే కాదు, ఒక మిల్లులో మర తిప్పేవాడిది ఎడమచేతి వాటం అని కూడా చెప్పాడంట. చూసినవాడు ఒక్కడూ లేడు. విన్నవాళ్ళు మాత్రం వీధి వీధికీ ఉన్నారు. అప్పట్నుంచి ఆయన సొంత పేరు ఎటో పోయి, నాలుకయ్య మిగిలాడు.

నాలుకయ్య పని గొర్రెపిల్లల షెడ్డులో దాణా కలపడం. మూడొందల పిల్లలు. బయట మేత లేదు, షికార్లు లేవు. తొట్టి ముందు నిలబడి తినాలి, కండ పెంచాలి, అంతే వాటి ఉద్యోగం. మొక్కజొన్న ఎంత పోసినా ఒంట్లో ఓపికే గానీ కండ రాదు. కండ కావాలంటే ప్రోటీన్ కావాలి. అదుండేది సోయా చెక్కలో, అంటే నూనె తీసేశాక మిగిలిన పిప్పిలో. చెక్క లోడు రాగానే ఈయన బస్తాకో చిటికెడు నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, తీర్పు చెప్పే జడ్జిగారిలా ఆగి ఆగి "దించండి" అనేవాడు. అంతవరకూ లారీ డ్రైవరు ఊపిరి కూడా పీల్చేవాడు కాదు.

ఆ మధ్య జలుబు జ్వరం పట్టుకుంది. తుమ్మితే పక్కింటి కిటికీలు మూసుకునేవి. ఐదు రోజులకి జ్వరం పోయింది. పోతూ పోతూ రుచీ వాసనా కూడా మూటగట్టుకుపోయింది. ఎవరికీ చెప్పలేదు. నాలుక లేని నాలుకయ్య ఎవరికి కావాలి? ఆ వారమే లోడు వచ్చింది. చిటికెడు నోట్లో వేసుకున్నాడు. తడి కాగితం నమిలినట్టుంది. కళ్ళు మూసుకున్నాడు, ఎప్పటికన్నా కాస్త ఎక్కువసేపే. "దించండి" అన్నాడు.

రెండు వారాలు గడిచేసరికి పిల్లల పొట్టలు కుండల్లా, వీపులు దువ్వెనల్లా తయారయ్యాయి. వారానికి కిలోన్నర పెరగాల్సినవి పావుకిలో దగ్గర ఆగిపోయాయి. ఓనరు కాటా మూడుసార్లు బాగుచేయించాడు. చివరికి ఆయన చూపు స్టోరు తాళాలున్న మనిషి మీద పడింది. ఆవిడ ఎవరో కాదు, నాలుకయ్య సొంత వదిన. ఈయన్ని షెడ్డులో పెట్టించింది కూడా ఆవిడే. ఆవిడకి ఇంట్లో రెండు మేకలున్నాయి. ఖర్మ కొద్దీ అవి నున్నగా నిగనిగలాడుతున్నాయి.

"సోయా చెక్క కొంగున కట్టుకుపోతోందంట!" అన్నారు షెడ్డులో ఆడవాళ్ళు. సాయంత్రానికి అది కొంగు కాదు, బస్తా అయింది. మర్నాటికి తోపుడుబండి. నాలుకయ్య విన్నాడు. పార పట్టుకుని, తల వంచుకుని, దాణా కలుపుతూనే ఉన్నాడు. వదిన ఎదురొస్తే తొట్టి వెనక్కి పోయి, లేని ఎలకని వెతికేవాడు.

మూడోరోజు మధ్యాహ్నం అన్నం తింటుంటే పెళ్ళాం ఎదురుగా కూర్చుని అలా చూస్తోంది.

"కూర ఎలా ఉందయ్యా?"

"అమృతం."

"ఉప్పు రెండుసార్లు వేశాను. పిల్లలు ఉమ్మేసి పారిపోయారు. నువ్వు రెండోసారి వడ్డించుకున్నావు."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"ఎప్పట్నుంచి?" అంది.

"జ్వరం అప్పట్నుంచి."

"అయితే ఆ చెక్క..." అని, సగంలో ఆపి, కంచం తీసేసింది. "మీ వదినని రేపు గేటు బయటికి పంపుతారంట. నువ్వు చేతులు కడుక్కుంటావా, ఇంకా తింటావా?"

మర్నాడు పొద్దున్నే పశువుల డాక్టరమ్మ వచ్చింది. ఓనరు ఉన్నాడు, పనివాళ్ళంతా చుట్టూ చేరారు. వదిన తాళాల గుత్తి బల్ల మీద పెట్టేసి, పక్కన నిలబడింది. ఓనరు బస్తా మూతి విప్పాడు.

"ఏం నాలుకయ్యా, చెక్క మంచిదే కదా? మంచిదైతే తక్కువ పడుతోందన్నమాట. తక్కువ పడుతోందంటే ఎవరో మోసుకుపోతున్నట్టే. చూసి చెప్పు."

చిటికెడు నోట్లో వేసుకున్నాడు. ఏమీ లేదు.

"చెప్పు మరిదీ, నువ్వెంత చెబితే అంత," అంది వదిన. ఆ నమ్మకం చూసి ఆయన చెవులు కాలిపోయాయి. చలి కాచుకోవచ్చు అనేంత ఎర్రగా.

"తెలీట్లేదు," అన్నాడు.

"ఏంటి తెలీనిది?"

"ఏదీ. పంచదారకీ ఇసుకకీ తేడా తెలీట్లేదు. ఈ లోడు కూడా తెలీకుండానే దించమన్నాను. వదినని అంటుంటే... విన్నాను. విని ఊరుకున్నాను."

గొర్రెపిల్లలు కూడా నమలడం ఆపేశాయంట. వెనకనుంచి ఎవడో కిసుక్కుమన్నాడు. డాక్టరమ్మ చెక్క కాస్త పొట్లం కట్టుకుపోయి పరీక్ష చేయిస్తే, సగానికి సగం తవుడు. పిల్లలకి పొట్ట నిండింది, ప్రోటీన్ అందలేదు.

వదిన తాళాలు తీసుకుంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మధ్యాహ్నం ఎప్పట్లాగే "అన్నం తిన్నావా మరిదీ?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకి ఆయన మూడు రోజులు అన్నం మానేశాడని వీధిలో చెప్పుకుంటారు.

ఇప్పుడు టీ కొట్టు దగ్గర ఎవరన్నా కదిపితే నాలుకయ్య లేచి నిలబడతాడు.

"ఎవడయ్యా చెప్పింది? నాకు జన్మలో జ్వరం రాలేదు. మా వదిన్ని ఎవరూ ఒక్క మాటనలేదు, అంటే నేను ఊరుకుంటానా? అయినా చెక్క నాకడమేంటి, నేనేమన్నా గొర్రెనా? అంతా ఉత్తదే!"