యూనీస్ చెప్పిన అభ్యంతరం

మా అక్క కూతురు యూనీస్ బళ్లారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో పదకొండేళ్లుగా పని చేస్తోంది. పనిలో దానికి వంక పెట్టలేం. మనసు విషయంలో మాత్రం ఒట్టి పిచ్చిది. వాళ్లమ్మ పోయాక, బడిలో టీచరుగా చేస్తూ పెంచింది నేనే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

దేవరాజ్ అనే లారీ డ్రైవరు వెనక నాలుగేళ్లు తిరిగింది. అతను ఖనిజం లోడుతో బండ్రి ఊళ్లో ఆగాడని తెలిస్తే చాలు, పని ఎగ్గొట్టి బస్సెక్కేది. అతను అవసరమైనప్పుడు పిలిచాడు, తీరాక మరిచాడు. పోయిన ఏడాది వేరే పిల్లను చేసుకున్నాడు. యూనీస్ ఇరవై రోజులు మంచం దిగలేదు.

నేనే దాన్ని కౌన్సెలర్ సవిత దగ్గరికి తీసుకుపోయాను. "ఇది ఎతికేది మగోణ్ని కాదు టీచరమ్మా, మత్తును. ముందు ఒక్కతే ఉండేది నేర్చుకోనీండి. ఏడాది దాకా పెండ్లి మాట ఎత్తొద్దు," అందావిడ. తల ఊపి వచ్చాను. ఆరు నెలలకే కూరెకుప్ప ఊరి ఎలక్ట్రీషియన్ కెన్నెత్ సంబంధం వస్తే వదులుకోలేకపోయాను. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అంటారు. నేను ఆ సామెతలో మొదటి సగమే పట్టుకున్నాను.

మా చర్చి సంఘంలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు పాస్టరు అయ్యగారు వధూవరుల పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడుగుతారు. నా యాభై ఏళ్లలో ఎవరూ లేచిన పాపాన పోలేదు. మొదటి రెండు ప్రకటనలూ సాఫీగా జరిగిపోయాయి.

రెండో ప్రకటన తర్వాతి గురువారం కెన్నెత్ ఉక్కు ఫ్యాక్టరీలో మరమ్మతు పనిలో ఉన్నాడు. ఫోను గేటు దగ్గర పెట్టి లోపలికి పోవాలి. అతను బయటికి వచ్చేసరికి నలభై ఒక్క మిస్డ్ కాల్స్. గేటు ముందు ఎండలో యూనీస్.

"ఎవురికేమాయనో అని గుండె ఆగిపోయింది టీచరమ్మా," అని సాయంత్రం నాతో చెప్పి నవ్వాడు. "ఏమీ లేదంట, నా గొంతు ఇనాలంట." నాకు నవ్వు రాలేదు.

శనివారం యూనీస్ నా దగ్గర కూర్చుంది. "దేవరాజ్ పోయినాడు గానీ నా రోగం పోలేదు సిన్నమ్మా. ఈయప్పను గూడా అట్లే పట్టుకుంటాండా. ఈ పెండ్లి ఇప్పుడు జరిగితే ఇద్దరం మునుగుతాం."

"కార్డులు పంచేసినాం. సుమ్నే నోరు మూసుకోని ఉండు," అన్నాను. అది చెప్పేది నిజమని తెలిసే అన్నాను.

మూడో ఆదివారం వరప్రసాదం అయ్యగారు పేర్లు చదివారు. "ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పవలెను." పక్కన యూనీస్ కదిలింది. కొంగు పట్టి లాగాను. అయినా లేచింది.

"నాకుండాది అయ్యగారూ."

గుడి మొత్తం ఇటు తిరిగింది.

"ఆయప్పలో తప్పు లేదు. నాకే ఇంకా బాగు కాలేదు. ఆయప్ప ఫోనెత్తకపోయినా నేను నిమ్మళంగా పని చేసుకోగలిగిన దినం చెప్తా. అంతదాకా ఈ పెండ్లి ఆపండి."

కెన్నెత్ తల్లి రూతమ్మ చివాలున లేచింది. "నడీదిలో మా మానం తీస్తివి కదే!" అని కొడుకు చెయ్యి పట్టుకుంది. అతను ఆ చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. ముఖం కందిపోయింది.

"యూనీస్, కాచుకుంటానని మాటియ్యలేను," అన్నాడు.

అయిపోయింది, ఇది కూలబడుతుంది అనుకున్నాను. దాని వేళ్లు బల్ల అంచును గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"ఇయ్యొద్దప్పా," అంది. "ఇస్తే ఆ మాటనే పట్టుకొని యాలాడతా."

అతను తల్లి వెంట బయటికి నడిచాడు. యూనీస్ వెనక పరుగెత్తలేదు, పిలవలేదు. అయ్యగారు గొంతు సవరించుకుని పాట నంబరు చెప్పారు. అందరూ లేచారు. అప్పటికే నిలబడి ఉన్న యూనీస్ పాట అందుకుంది. ఆ అభ్యంతరం చెప్పాల్సిన దాన్ని నేను. నేను మాత్రం లేవలేకపోయాను.