కూరలో ఉప్పు, ఊరికి వంతెన

మా తాత చాత్తుక్కుట్టి కన్నూరులో బీడీలు చుట్టే పనిలో చేరి, బీడీ చుట్టకుండానే ముసలివాడయ్యాడు. గొంతు బాగుందని తోటివాళ్లు ఆయన్ని పేపరు చదవడానికి కూర్చోబెట్టారు. ఆయన చదివేవాడు, ఆయన వంతు బీడీలు వాళ్లు చుట్టేవారు. పత్రిక పేరు, తేదీ, రాసినవాడి పేరు చెప్పకుండా వార్త మొదలుపెడితే, ఆకు కోసే కత్తెరలు టకటకలాడించి ఆపేసేవారట.

ఇప్పుడు కత్తెరలు లేవు, వాట్సాప్ ఉంది. కాలువ మీది చెక్క వంతెన కూలినప్పటి నుంచి అవతలి గ్రంథాలయానికి దారి లేదు. పేపరు లేని తాత ఒడ్డున పడ్డ చేప. ఆదివారం గ్రామసభలో వంతెన సంగతి తేలాలి. సరిపడా జనం రాకపోతే సభే చెల్లదు.

శుక్రవారం వార్డు గ్రూపులో ఒక సందేశం దిగింది: "గ్రామసభ వాయిదా. అందరికీ పంపండి." అందరూ బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నారు.

తాత వార్డు మెంబరుకి ఫోన్ చేశాడు.

"వాయిదా లేదు, ఏం లేదు చాత్తన్నా! ఎవడో పుట్టించాడు," అందామె.

"ఒరేయ్, ఫోను పట్టుకో. చదువుతా," అన్నాడు తాత నాతో. వార్డు గ్రూపు తెరిచి మైకు బొమ్మ నొక్కి పట్టుకున్నాను.

"పత్రిక పేరు... లేదు. తేదీ... లేదు. రాసినవాడు... లేడు. చివర దండం పెట్టే చేతుల బొమ్మ మాత్రం ఉంది. ఎవడో దండం పెట్టి మరీ మనల్ని ఇంట్లో కూర్చోమంటున్నాడర్రా! మెంబరునే అడిగాను. సభ ఉంది. రండి."

అక్కడితో ఆగితే ఆయన మా తాతే కాదు. "ఏమే నాణీ, చేపల కూరలో ఉప్పు వేశావా, కాలువలో కలిపావా?" అని వంటింట్లో ఉన్న నానమ్మని కేకేశాడు. నేను వేలు తీయడం కాస్త ఆలస్యమైంది. ఎందుకని అడక్కండి.

సభ మాట ఎలా ఉన్నా, ఉప్పు మాట పక్క వార్డు దాకా పాకింది. ఉప్పు కోసం విన్నవాళ్లు సభ మాటా వినక తప్పలేదు. మర్నాడు నానమ్మ కూరలో గుప్పెడు ఉప్పు కుమ్మరించింది. తాత అన్నం రెండింతలు కలుపుకుని తిన్నాడు.

ఆదివారం బడి హాలు నిండిపోయింది. వచ్చినవాడల్లా, "చాత్తన్నా, ఉప్పు సరిపోయిందా?" అనడమే. నానమ్మ గొడుగు ముడిచి వాళ్ల మీదకి ఆడించింది.

వంతెన మాట రాగానే లేచింది కూడా ఆవిడే.

"తొందరగా కట్టండయ్యా. ఈయన పొద్దున్నే అవతలికి పోయి పేపర్లకి వంకలు పెట్టుకుంటే, నా కూరలు బతుకుతాయి."

ఒప్పుకునేవాళ్లని చేతులెత్తమన్నారు. అందరికన్నా ముందు లేచింది తాత చెయ్యే.