అగ్గిపుల్లలతో అద్దం బిగించిన వైనం

కొరివితో తల గోక్కున్నవాళ్ల గురించి మీరు వినే ఉంటారు. అగ్గిపుల్లలతో వ్యాను అద్దం బిగించి, ఆ వ్యానును తిన్నగా బాణసంచా ఫ్యాక్టరీ గేటుకు తోలుకెళ్లిన వీరుణ్ణి మాత్రం చూసి ఉండరు. అది నేనే. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ నా గుండె ఒక్క క్షణం ఆగి, నన్ను తిట్టి, మళ్లీ కొట్టుకుంటుంది.

మాది కోవిల్‌పట్టి. మా మామకు ఒక పాత వ్యాను ఉంది. రోజూ పొద్దున్నే ఆడకూలీలను విరుదునగర్ వైపున్న బాణసంచా ఫ్యాక్టరీకి చేర్చి, సాయంత్రం తిరిగి తెస్తుంది. నాకు కొత్తగా లైసెన్సు వచ్చింది. "వారం దినాలు తప్పు లేకుండా తోలితే ఈ ట్రిప్పు నీకే అల్లుడా" అన్నాడు మామ. ఆరు రోజులు దేవుడు నా పక్కనే కూర్చున్నాడు. ఏడో రోజు దిగి వెళ్లిపోయాడు.

ఆ పొద్దునకు ఎడమవైపు అద్దం మరీ వదులై ఊగుతోంది. వెనక లారీని చూపించరా అంటే ఆకాశంలో కాకుల్ని చూపిస్తోంది.

"మెకానిక్కు వచ్చేదంకా ఉందామురా" అన్నాడు మామ.

"దీనికి మెకానిక్కు ఎందుకు మామా? నేను చేస్తా, నువ్వు పోయి నీళ్లు పోసుకోని రా!"

ఇక్కడ మా ఇంటి గుట్టు ఒకటి చెప్పాలి. మా అమ్మ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. మా ఇంట్లో మంచంకోడు కదిలినా, తలుపు మేకు వదులైనా ఒకటే మందు, సందులో రెండు అగ్గిపుల్లలు దోపడం. వాటితో పొయ్యి కూడా వెలిగించవచ్చన్నది మాకు రెండో ఉపయోగం.

అద్దం కడ్డీ దూరే గొట్టం అరిగి వెడల్పైంది. కడ్డీ చుట్టూ ఎనిమిది అగ్గిపుల్లలు బిగించి దోపాను. కనిపించకుండా పైన నల్ల టేపు చుట్టాను. మామ వచ్చి ఊపి చూశాడు. అద్దం రాయిలా నిలబడింది.

"పరవాలేదే!" అన్నాడు. ఎలా చేశావని అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే లేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర సోదా గట్టిగా ఉంటుంది. బీడీ, అగ్గిపెట్టె, ఫోను ఏదీ లోపలికి పోకూడదు. అందరూ అన్నాచ్చి, అంటే పెద్దన్న, అని పిలిచే వాచ్‌మన్‌కు కళ్లు మరీ చురుకు.

"ఏం తంబీ, నిన్నటిదంకా తలాడించిన అద్దం ఈ పొద్దు ఆడలేదే?"

"నేనే బాగు చేసినా అన్నాచ్చీ!"

"ఎట్లా చేస్తివి?"

బుద్ధి ఉన్నవాడైతే నవ్వి ఊరుకుంటాడు. నేను టేపు విప్పి చూపించాను. ఎనిమిది ఎర్రటి తలలు బయటికి తొంగిచూశాయి.

అన్నాచ్చి నోట్లోని విజిల్ కింద పడింది. నాకు అప్పుడు తెలిసింది నేనేం చేశానో. అన్నాచ్చి కేకేశాడు.

"దిగండి! అందరూ రోడ్డుకు అవతల పోండి!"

ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలు వదిలేసి పరుగు తీశారు. అందరికంటే పెద్దావిడ గురవమ్మత్త అవతలి గట్టు నుంచి అరిచింది, "ఓరి పాపాత్ముడా, నీ అగ్గి పక్కనే కూసోని వస్తిమి కదరా!"

సూపర్‌వైజరు నీళ్ల బకెట్టుతో పరుగెత్తుకొచ్చాడు. నా పక్క సీట్లో వచ్చిన మామ చేతులు జోడించాడు.

"పదేండ్లుగా ఈ గేటుకు వస్తుండాను సార్..."

"ఇంకొక్క పుల్ల దొరికితే ఈ వ్యాను మళ్లీ ఇక్కడికి రాకూడదు. ఏమయ్యా, ఇంకేమన్నా ఉండాదా?"

"లేదు సార్! దేవుని మీద ఆన!" అని గట్టిగా గుండె మీద కొట్టుకున్నాను.

చొక్కా జేబు గలగలమంది.

దారిలో అద్దం మళ్లీ వదులైతే పనికొస్తుందని మిగిలిన అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాను మరి! మామ నన్ను చూసిన చూపుకు ఆ పెట్టె అంటుకోకపోవడమే ఆశ్చర్యం.

పుణ్యాత్మురాలు గురవమ్మత్తే అడ్డం పడింది. "వ్యాను ఏమి చేసింది సార్? అది లేకుంటే మేమెట్లా వచ్చేది? ఈ పిల్లోణ్ణి మటుకు తోలనీయొద్దండి."

తీర్పు అదే అయింది. వ్యానుకు క్షమాభిక్ష, నాకు శిక్ష. పుల్లలన్నీ పీకి బకెట్టులో ముంచారు. అద్దం మళ్లీ తల వాల్చింది.

"ఇప్పుడెట్లా మామా?"

"కిటికీలోంచి చెయ్యి పెట్టి పట్టుకో."

అలా కోవిల్‌పట్టి దాకా మామ తోలుతుంటే చెయ్యి బయట పెట్టి అద్దాన్ని పట్టుకుని వచ్చాను. సాత్తూరు బస్టాండులో జనం ఆగి మరీ చూశారు. ట్రిప్పు దక్కలేదు గానీ, ఆ వ్యానులో నాకో ఉద్యోగం దొరికింది, అద్దం కడ్డీగా.

అందుకే మా ఇంటి పొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మంచంకోడు ఊగనీ, తలుపు ఊడనీ, ఈ జన్మలో అగ్గిపుల్ల ముట్టను. మొన్న సాయంత్రం కరెంటు పోతే అమ్మ అడిగింది, "అగ్గిపెట్టి నీ దగ్గరుండాదా రా?"

నేను వెంటనే రెండు చేతులూ పైకెత్తి, సోదాకు నిలబడ్డాను.