డాలీ బిడ్డల ఒంటి వాసన

డాలీకి అత్తగారు అమ్మణి పరాయి మనిషేం కాదు, కన్నతండ్రికి తోడబుట్టిన అక్క. తాతలనాడు చెరకు తోటల కూలికి ఓడలెక్కి వచ్చి చేరిన టోంగాట్‌లో, చక్కెర మిల్లులో ఫిట్టరుగా చేసే ఆమె కొడుకు జగన్నాథానికిచ్చి మేనరికం చేస్తే పిల్ల కళ్లముందే ఉంటుందని అందరూ సంబరపడ్డారు.

మొదటి కొడుకు పుట్టినప్పుడు బొద్దుగా, ముద్దుగా ఉన్నాడు. నాలుగు రోజులు తిరక్కుండానే పాలు కక్కడం మొదలెట్టాడు. ఒంటి నుంచి అదోరకం వాసన, చెమట పట్టిన మేజోళ్లు మూటగట్టి విప్పినట్టు. అమ్మణి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఓసి దరిద్రపుదానా, పసిగుడ్డుకి నీళ్లు పొయ్యడం కూడా రాదటే నీకు?"

డాలీ సున్నిపిండితో రుద్దింది. సాంబ్రాణి వేసింది. మళ్లీ నీళ్లు పోసింది. బిడ్డ చర్మం కందిపోయింది గాని వాసన పోలేదు. వాడు మగతలోకి జారుకుంటే ఎత్తుకుని పరిగెత్తారు. తెల్లవాళ్ల పాలనలో ఇండియన్లకు వేరుగా కేటాయించిన ఆసుపత్రి అది, ఒక్కో మంచానికి ఇద్దరు రోగులు. రక్తంలో విషం పాకిందన్నారు. బిడ్డ దక్కలేదు.

రెండోవాడు పాకే వయసు దాకా బతికాడు. జలుబు చేసి జ్వరం వచ్చిన వారంలో అదే వాసన, అదే మగత, అదే ఆసుపత్రి. వాణ్ణి పూడ్చి వచ్చిన సాయంత్రమే అమ్మణి చుట్టుపక్కల ఆడవాళ్లతో అనేసింది, "మురికి చెయ్యి. దాని చేతిలో పిల్లలు నిలవరు" అని.

ఆ మాట ఊరంతా పాకింది. గుడిలో అమ్మవారికి గంజి పోసే పండగనాడు డాలీ ఎవరి బిడ్డనో ఎత్తుకోబోతే ఆ తల్లి నవ్వుతూనే పక్కకి జరిగింది. జగన్నాథం అన్నీ వింటూనే ఉన్నాడు. వింటూ రేడియో గొంతు కాస్త పెంచేవాడు.

దేశంలో తెల్లా నల్లా అందరూ మొదటిసారి ఒకే వరసలో నిలబడి ఓట్లు వేసి వచ్చిన మరుసటి ఏడు యాషికా పుట్టింది. అన్నం ముట్టించాక, ఓ జ్వరంలో దానికీ ఆ వాసన మొదలైంది. ఈసారి డాలీ అత్తని అడగలేదు, మొగుణ్ణి అడగలేదు. ఇదివరకు తెల్లవాళ్లకు తప్ప తలుపు తియ్యని పెద్దాసుపత్రికి బిడ్డను తీసుకుపోయింది. అక్కడ పిల్లల డాక్టరు హరిప్రియ, కాకినాడ నుంచి కొత్తగా వచ్చినావిడ. ఆవిడ పాప మీదికి వంగి గట్టిగా వాసన చూసింది. డాలీ సిగ్గుతో చచ్చిపోయింది.

"స్నానం చేయించినా డాక్టరమ్మా. ఎవ్రీడే. ప్రామిస్."

"ఈ వాసన మురికి వల్ల కాదమ్మా. పాప ఒంట్లోంచే వస్తోంది."

హరిప్రియ పాలు ఆపించి గ్లూకోజు ఎక్కించింది. పాప మూత్రం పట్టి, గడ్డకట్టించి, విమానంలో వేరే నగరానికి పంపింది. అక్కడ మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం ఉంది. మూత్రంలో ఉన్న పదార్థాలను ముక్కలు చేసి, ఆ ముక్కల బరువును బట్టి ఏది ఏదో తేల్చేస్తుంది. జవాబు రాగానే హరిప్రియ డాలీని కూర్చోబెట్టి చెప్పింది.

"తిండిలోని మాంసకృత్తుల్లో ఒక భాగం పాపకి అరగదు. అది ఆమ్లమై ఒంట్లో పేరుకుపోతుంది. ఆ వాసన దానిదే. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చే లోపం ఇది. తిండి కొలిచి పెట్టి, మందు వేస్తే బతుకుతుంది."

"నా బాయ్స్? వాళ్లకీ ఇదే?"

"పరీక్ష లేకుండా గట్టిగా చెప్పలేను. ఇదే అయ్యుంటుంది."

డాలీ అడిగింది, "ఈ మెషీన్ అప్పుడు లేదు?"

హరిప్రియకు అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది. "ఉంది. మీ ఆసుపత్రి నుంచి ఎవరూ పంపలేదట."

"ఒక్క బాటిల్. ప్లేన్‌లో పెట్టి పంపేది. అంతేనా?"

"అంతేనమ్మా."

ఇంటికి వచ్చి డాలీ అంతా చెబితే అమ్మణి మొహం మాడ్చుకుంది. "మా ఇంటా వంటా లేవు ఇట్లాంటి రోగాలు."

"నీ ఇల్లు, మా నాన్న ఇల్లు ఒకటే కదత్తా."

అమ్మణి చేట అందుకుని పప్పు చెరగడం మొదలెట్టింది. కాని వారం తిరక్కుండా వీధిలో కొత్త కథ వినబడింది. "ఆ వాసన ముందు పసిగట్టింది నేనే. నా మాట వింటేగా!" అని అమ్మణి అందరికీ చెబుతోంది. డాలీ ఒక్కటే కోరింది, ఆ ఆడవాళ్ల ముందే మురికి వల్ల కాదని ఒకమాట అనమని.

"పెద్దదాన్ని, నీ ముందు చెంపలేసుకోవాలా?" అంది అమ్మణి. జగన్నాథం లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

డాలీ బిడ్డను చంకనేసుకుని ఆ ఇల్లు విడిచి, పట్నంలో సిడెన్‌హామ్ అనే పేటలో ఒక గది అద్దెకు తీసుకుంది, బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టడానికి చేరింది. అమ్మణి పోయేదాకా మురికి వల్ల కాదన్న మాట అననే లేదు. చావుకు డాలీ వెళ్లింది, ఏడుపు రాలేదు, వచ్చేసింది.

జగన్నాథం ఆదివారాలు వస్తాడు. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని బడికి పోయే వయసొచ్చిన యాషికాతో బొమ్మలు గీయిస్తాడు. ఒకసారి తల వంచుకునే అన్నాడు, "అప్పుడే నేను నోరు విప్పాల్సింది డాలీ."

"అవును," అంది డాలీ, పాపకి వండాల్సిన బియ్యం తూస్తూ. అతన్ని తిండికి ఉండమని అనలేదు.