వినపడని చోట గీత గీయించిన సిస్టరమ్మ

మా సిస్టరమ్మ పోయిందని, ఆమె దగ్గర పనిచేసే సరోజ ఫోన్ చేసి చెప్పింది. పొద్దున మొక్కలకు నీళ్లు పోసి, ఆయాసంగా ఉందని గుమ్మంలో కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదట. దవాఖానకు తీసుకెళ్లేసరికే అయిపోయిందన్నారట. ఆ రోజు పేపర్లో సగం పేజీ నిండా మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల గుండ్రటి భవనం ఫోటో. దాని కింద ఎవరో పెద్దమనిషి, ఉద్యోగాలు అడుక్కోకండి, ఉద్యోగాలు ఇచ్చేవాళ్లుగా ఎదగండి అని యువతకు హితబోధ. అరవయ్యో పడికి దగ్గరపడి, హఫీజ్‌పేట్‌లో అద్దె ఇంటి ముందుగదిలో మూడు కంప్యూటర్లు పెట్టుకుని ఐదుగురు ఆడవాళ్లకు పని చూపించిన మనిషి గురించి మాత్రం ఒక్క అక్షరం లేదు. ఉండదు. అందుకే నేను రాస్తున్నాను.

సర్కారు దవాఖానలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది కాబట్టి కాలనీలో అందరికీ సిస్టరమ్మ. ఒక్కతే ఉండేది. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లను ఎగాదిగా చూసి, "నువ్వు ఈ నడుమ షుగర్ చూపించుకున్నవా?" అనేది. అడిగినవాళ్లకు ఇక వారం రోజులు తమ ఒంటి గురించే దిగులు. నేనూ అడిగాను. నేనూ వెళ్లి చూపించుకున్నాను.

అది వీధికో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఇన్‌స్టిట్యూట్ పుట్టుకొస్తున్న కాలం. అమెరికాలో డాక్టరు రోగిని చూసి వివరాలన్నీ టేపులో చెప్పేస్తాడు. ఇక్కడ మనవాళ్లు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలి కింద పెడల్‌తో టేపును ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ ఆ మాటలు టైపు చేసి పంపాలి. అదీ పని. ఆ ఇన్‌స్టిట్యూట్లలో చాలావరకు ఫీజులు పట్టుకుని బోర్డు తిప్పేసినవే. వాటి మీద నేను రాసిన వ్యాసాల్లో ఒక్క వాక్యం కూడా వెనక్కి తీసుకోను. సిస్టరమ్మ అలాంటి ఒకదానిలోనే, కూతుళ్ల ఈడు పిల్లల మధ్య ముందు బెంచీలో కూర్చుని నేర్చుకుంది. సారు రోగాల పేర్లకు స్పెల్లింగ్ చెప్పేవాడట. ఆ రోగం ఒంట్లో ఏ మూల పుడుతుందో, మనిషిని ఎట్లా తింటుందో ఈమె చెప్పేదట.

కోర్సు కాగానే మాదాపూర్‌లో ఒక కంపెనీకి ఇంటర్వ్యూకు పోయింది. ఆ ముచ్చట ఆమె నోటితోనే వినాలి.

"పరీక్ష పెట్టిండ్రు. అందరి కన్న నాకే మంచిగొచ్చింది. మేనేజరు నా కాయితం జూసి, 'ఆంటీ, మాది యంగ్ కంపెనీ' అన్నడు. నేనన్న, బిడ్డా, కుర్చీ ఇయ్యకు. కుర్చీ నా ఇంట్ల ఉన్నది. పనియ్యి, చాలు."

అతను నవ్వాడట. నవ్వి రెండు క్యాసెట్లు ఇచ్చాడట. రిబ్బన్ లేదు, కొబ్బరికాయ లేదు. సిస్టరమ్మ సొంత సంస్థ ఆ రోజు మొదలైంది. అప్పట్లో ఆ రోడ్లన్నీ తవ్విపోసి ఉండేవి. దుమ్ము పడకుండా క్యాసెట్లను స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బస్సెక్కేది. మాదాపూర్ ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అతను రోజూ అడిగేవాడట, "ఏం కూర ఆంటీ?" అని. "గుండె జబ్బు, రెండు కిడ్నీలు" అనేదట ఈమె.

నేను ఆమె దగ్గరకు చేరింది ఉద్యోగం ఊడి. బాచుపల్లిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. లెక్చరర్లు మధ్యలో మానేయకుండా వాళ్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసుకునేవారు. దాని మీద కరపత్రం రాశాను. కరపత్రం చదివి మెచ్చుకున్న సహోద్యోగులు స్టాఫ్ మీటింగులో ఒక్కరూ నోరు విప్పలేదు. నన్ను పంపించేశారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి కిరాయి ఇంట్లో ఉంటున్న నాకు నెల తిరిగేసరికి ఊపిరాడలేదు. పక్క వీధిలో సిస్టరమ్మ, "పని ఉన్నది, రా" అంది.

వెళ్లానా, వెళ్లి ఊరుకున్నానా? మొదటిరోజే వాదన పెట్టుకున్నాను.

"సిస్టరమ్మా, దీన్ని సొంత వ్యాపారం అంటారా మీరు? కంపెనీవాడికి కరెంటు ఖర్చు తప్పింది, కుర్చీ తప్పింది, పీఎఫ్ తప్పింది. మీకు జ్వరమొస్తే ఆ జ్వరం కూడా వాడికి తప్పింది. స్వయం ఉపాధి అంటే మన మెడకు మనమే పలుపు కట్టుకోవడం కదండీ?"

"అయిపోయిందా? చాయ్ చల్లారుతున్నది."

"జవాబు చెప్పండి."

"నువ్వు చెప్పింది నిజమే టీచరమ్మా. నాకు పెన్షన్ ఉన్నది. నా ఎనుక సర్కారు నిలవడ్డది. గందుకే గీ ధైర్యం. ఎనుక ఏమీ లేనోళ్లను ధైర్యం జెయ్యుమని నేను జెప్ప. వాళ్ల ఎనుక నేనే జర నిలవడ్త."

స్వయం ఉపాధి మీద సభల్లో ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. తన ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఇంత నిజంగా చెప్పినవాళ్లను వేదికల మీద చూడలేదు. అక్కడందరూ స్వయంకృషి వీరులే. వాళ్ల వెనక మామగారి పొలం ఉందో, నాన్నగారి పలుకుబడి ఉందో ఎవరూ చెప్పరు. ఈమె చెప్పింది, చెప్పినట్టే నిలబడింది. పొద్దున లోపలికి రాగానే ఒక్కొక్కరి మెడ మీద చేతి వెనకవైపు ఆనించి చూసేది. కాస్త వెచ్చగా ఉంటే, "పో, పండుకో, గీ రోగాలు రేపుగుడ ఉంటయి" అని వెనక్కి పంపేది. సరోజకు ఆపరేషన్ అయినప్పుడు నెల రోజులు సరోజ కుర్చీలో తనే కూర్చుంది. ఇవన్నీ చేయడానికి పెద్ద పెద్ద కంపెనీలకు చట్టాలు కావాలి, చట్టాలున్నా చేయరు.

ఆమె పనికి ఒకటే నియమం. వినపడని మాట దగ్గర ఖాళీ గీత గీసి వదిలేయాలి. ఊహించి నింపకూడదు. "ఇనవడకుంటే ఇనవడలేదని రాయి. నువ్వు రాసింది రేపు మందై ఒగని కడుపులకు పోతది" అనేది. అమెరికా డాక్టర్లలో ఒకాయన ఏదో నములుతూ మాట్లాడేవాడు. ఇంకొకాయన గొంతు వినగానే, "ఈ సారుకు ముక్కు పడిశం పట్టింది, ఇయ్యాల గీతలు ఎక్కువైతయి" అని ముందే చెప్పేది. నిజంగానే ఎక్కువయ్యేవి.

ఆ గీతల దగ్గరే తగాదా వచ్చింది. మిగతావాళ్లంతా నిండు పేజీలు ఇస్తున్నారనీ, మీ పేజీల్లోనే ఇన్ని ఖాళీలేమిటనీ, ఈసారి గీతలు కనపడితే ఇక క్యాసెట్లు ఇవ్వమనీ మాదాపూర్ మేనేజరు కబురు పెట్టాడు. కడప నుంచి వచ్చి, భర్త రియల్ ఎస్టేటు నమ్ముకుని మునిగిపోయాక ఈ పనే ఆధారమైన సరోజ ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆ మధ్యాహ్నం సిస్టరమ్మ పెన్షన్ పని మీద బయటికి పోయింది. నేను సరోజ కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఎమ్మే ఇంగ్లీషు కదా నాది. ఏడు గీతలూ నింపేశాను.

సాయంత్రం సిస్టరమ్మ మామూలుగానే ప్రతి పేజీ చదువుతూ ఒకచోట వేలు ఆపింది.

"గీడ గీత ఉండె. ఏమాయె?"

"నేను నింపానండీ."

మందు మోతాదు అది. ఫిఫ్టీ అని రాశాను. డాక్టరు అక్కడ ఫిఫ్టీన్ అన్నాడో ఫిఫ్టీ అన్నాడో తేలక సరోజ వదిలేసింది.

"నీకు ఇనవడ్డదా?"

"సందర్భాన్ని బట్టి చూస్తే ఫిఫ్టీయే అయ్యుండాలి."

"సందర్భం అడగలే. ఇనవడ్డదా?"

ఎంత పెద్ద సభలోనైనా తడుముకోని నా నాలుకతోనే లేదని ఒప్పుకున్నాను. ఆమె తిట్టలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని తన కథ ఒకటి చెప్పింది.

"కొత్తగ డ్యూటీల చేరిన. పెద్ద డాక్టరు నడుచుకుంట నడుచుకుంట ఇంగ్లీషుల మందు చెప్పిండు. పది అన్నడో ఇరవై అన్నడో ఇనవడలే. మళ్ల అడిగితే అందరి ముంగట తిడ్తడు. 'సరే సార్' అన్న. ఇరవై ఇచ్చిన. గామె మూడు దినాలు కండ్లు తెరవలే. బతికింది, నా తెలివితోని కాదు. గప్పటిసంది నాకు తెల్సింది, గా 'సరే సార్' అనేదే మన పెద్ద రోగం. ఎవలన్న ఇంగ్లీషుల మాట్లాడితే ఇనవడలేదని చెప్పుడు మనకు నామోషి. తలకాయ ఊపుతం."

ఊపుతాం. అర్థం కాని ఒప్పందాల మీద సంతకాలు పెడతాం. సర్టిఫికెట్లు కాలేజీ చేతిలో పెట్టేసి, స్టాఫ్ మీటింగులో సరే సార్ అంటాం. రాత్రికి రాత్రి పొలాలు పోయి అద్దాల మేడలు లేస్తుంటే అభివృద్ధి అన్నారు కాబట్టి అభివృద్ధే అనుకుంటాం. ఇన్నేళ్లుగా నేను వ్యాసాల్లో మొత్తుకుంటున్న జబ్బుకు ఆ నర్సు రెండు మాటల్లో పేరు పెట్టేసింది. పైగా ఆ జబ్బు ఎవరిలో ఉందో ఆ రోజు నాకు చూపించింది. నాలోనే.

ఏడు గీతలూ మళ్లీ గీయించింది. మర్నాడు నన్ను వెంటపెట్టుకుని మాదాపూర్ పోయింది. మేనేజరు ముందు క్యాసెట్ పెట్టి, "జర నువ్వే ఇను బిడ్డా" అంది. అతను మూడుసార్లు విన్నాడు.

"ఫిఫ్టీ అనే అనిపిస్తోంది ఆంటీ."

"అనిపిస్తున్నదా, ఇనవడుతున్నదా?"

అతను హెడ్‌ఫోన్లు తీసేశాడు. "అక్కడివాళ్లు చూసుకుంటారు. మీకెందుకింత పరేషాన్?"

"గక్కడోళ్లు చూస్తరని నువ్వు, నువ్వు చూస్తవని నేను. మరి గా పేషెంటును ఎవలు చూస్తరు?"

అతను కొత్త క్యాసెట్లు ఇవ్వలేదు. ఖాళీ డబ్బాతో బస్సెక్కాం. హఫీజ్‌పేట్ దగ్గరపడుతుంటే ఆమె కిటికీలోంచి చూస్తూనే అంది, "భయమైతున్నది టీచరమ్మా. ఐదుగురి ఇండ్లు గదా." ఆమె గురించి గొప్పగా చెప్పేవాళ్లెవరికీ ఈ మాట తెలియదు. నాకు ఆమెలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. భయం లేని మనిషి కాదు ఆమె. భయపడుతూనే డబ్బా ఖాళీగా తెచ్చుకున్న మనిషి.

దాదాపు రెండు నెలలు పని లేదు. నేను కాక ఉన్న ఐదుగురిలో ఇద్దరు వెళ్లిపోయారు. అందులో ఒకమ్మాయి అదే కంపెనీకి పోయింది. చెప్పడానికి జంకుతుంటే సిస్టరమ్మే, "పో బిడ్డా, కడుపు ముఖ్యం. తెల్వకుంటే అడుగు, గంతే" అని సాగనంపింది. మిగిలినవాళ్ల కోసం ఆఫీసులన్నీ తిరిగింది. పని అడగడానికి పోయేవాళ్లెవరైనా తమ పేజీల్లో నున్నగా ఉన్నది పట్టుకుపోతారు. ఈమె మూడు గీతలున్న పేజీ పట్టుకుపోయేది. చాలాచోట్ల పేజీ తిరిగి చేతిలో పెట్టారు. చివరికి ఒక చిన్న ఆఫీసులో ఇన్‌చార్జిగా ఉన్న ఆవిడ ఆ గీతల మీద పెన్ను పెట్టి, "ఇవేంటండీ?" అని అడిగింది. "ఇనవడలేదమ్మా" అంది సిస్టరమ్మ. ఆవిడ కాసేపు ఆలోచించి పని ఇచ్చింది.

నిజాయితీ గెలిచిందని ఇక్కడ రాయమంటారా? రాయను. ఆ రోజు ఒక మనిషి దొరికింది, అంతే. దొరక్కపోయి ఉంటే సిస్టరమ్మ చేసింది తప్పైపోయేదా? ఫలితం చూసి నీతిని మెచ్చుకునే అలవాటు మనకు ఎక్కువ.

ఆమె దగ్గర ఏడాదిన్నర పనిచేసి నేనూ సొంతంగా అనువాదాలు మొదలుపెట్టాను. ప్రగతి నగర్‌లో ఒక గది, ఒక బల్ల. అనువాదానికి వచ్చిన కాగితాల్లో అర్థం కాని వాక్యం ఉంటే అర్థం కాలేదని రాసి పంపుతాను. అట్లా రాసినందుకు మళ్లీ మొహం చూపించనివాళ్లు ఉన్నారు. పోనీ.

పదకొండో రోజు అయిపోయాక సరోజ ఇంటికి వెళ్లాను. సిస్టరమ్మ అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చి, మూడు కంప్యూటర్లూ సరోజ ముందుగదిలోకి చేర్చారు. మిగిలిన ముగ్గురూ పని ఆపకూడదనే అనుకున్నారు. నేను కూర్చుని ఉండగానే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పాత ఇన్‌చార్జి మారిపోయిందట. కొత్తగా వచ్చినాయన, రెట్టింపు పని ఇస్తాం, గీతలు మాత్రం వద్దు అంటున్నాడు.

సరోజ పుస్తెలతాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ వింది. ఆమె వెనక పెన్షన్ లేదు. ఇప్పుడు సిస్టరమ్మా లేదు. తక్కిన ఇద్దరూ టైపు చేయడం ఆపి ఆమె వైపే చూస్తున్నారు. సలహా చెప్పడం నా అలవాటు కాబట్టి నోరు తెరవబోయి మూసుకున్నాను.

"అట్ల కుదరదు సార్" అంది సరోజ. "వినపడనిది వినపడలేదనే రాస్తాం. మీకు సరేనంటే పంపండి. లేదంటే ఇప్పుడే చెప్పండి సార్, వేరేచోట అడుక్కుంటాం."

ఆలోచించి చెప్తానన్నాడట. ఏం చెప్తాడో ఇది రాస్తున్న రోజుకింకా తెలియదు. సరోజ ఫోన్ పెట్టేసి, కొంగుతో మొహం తుడుచుకుని, సగంలో ఆపిన క్యాసెట్ ముందు కూర్చుంది. వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. ఎవరూ లేవలేదు. అరచేత్తో హెడ్‌ఫోన్‌ను చెవికి అదిమిపట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఎక్కడో ఒక ముక్కూ మొహం తెలియని మనిషికి ఎక్కడ నొప్పిగా ఉందో ఆమె మళ్లీ మొదటినుంచీ వింటోంది.