తలుపు మీద ఇంకో బొట్టు

నాచారం పారిశ్రామికవాడలో ఇనుప దూలాలు తయారుచేసే షెడ్డు ఒకటుంది. అందులో కొమురెల్లి సిగ్నల్ మనిషి. పైన క్రేన్ క్యాబిన్‌లో బాలనర్సింహ కూర్చుంటాడు, కింద కొమురెల్లి నిలబడతాడు. మిషన్ల మోతలో మాట వినపడదు. కొమురెల్లి చూపుడువేలు పైకెత్తి తిప్పితే కొక్కెం లేస్తుంది, అరచెయ్యి కిందికి ఊపితే దిగుతుంది, పిడికిలి బిగిస్తే ఆగుతుంది. జనగామ దిక్కు నుంచి బతుకుదెరువుకు వచ్చిన కొత్తలో నేర్చుకున్న పని ఇది. ఇప్పుడు ఇంట్లో కూడా ఆ చేతులు ఊరుకోవు. అన్నం చాలంటే పిడికిలి చూపిస్తాడు. "నేనేమన్న క్రేన్‌నా? నోరు తెరిచి చెప్పు" అంటుంది భార్య వెంకటనర్సమ్మ. కూర మాత్రం ఇంకో గరిటె వేస్తుంది.

కొమురెల్లి ఉండేది ఉప్పల్‌లో, బాలనర్సింహదీ ఉప్పలే. ఇద్దరికీ చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకుంటారు. పని సైగలు కాక వాళ్ళకు సొంత సైగలు కూడా ఉండేవి. బొటనవేలు పెదవికి తాకిస్తే చాయ్. చెవి పట్టుకుంటే సూపర్‌వైజర్ ఉమాశంకర్ వస్తున్నాడని.

బాలనర్సింహ నారపల్లిలో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం పనుల కోసం సెలవు పెట్టి, శుక్రవారం నాడు భార్య సక్కుబాయితో కలిసి పిలుపుకు బయలుదేరాడు. కొమురెల్లి ఇంటికి తాళం ఉంది, ఆలుమగలిద్దరూ పనికి పోయారు. తాళం ఉంటే తలుపుకే బొట్టు పెట్టి రావడం మనలో ఉన్నదే. ఆ బొట్టు చూసి ఇంటివాళ్ళు పిలుపు అందిందనుకుంటారు. సక్కుబాయి తలుపుకు కుంకుమ అద్ది వెళ్ళింది. ఆ పైన ఫోన్ కూడా చేస్తే బొట్టును చిన్నబుచ్చినట్టవుతుందని ఊరుకున్నారు.

అయితే అది శుక్రవారం. వెంకటనర్సమ్మ పొద్దున్నే గడప కడిగి, పసుపు రాసి, తలుపు నిండా బొట్లు పెట్టి పోయింది. సాయంత్రం వచ్చి తాళం తీసేటప్పుడు అవన్నీ తనవే అనుకుంది.

ఆదివారం గృహప్రవేశమని షెడ్డులో అందరికీ తెలుసు. ఆ పొద్దున కొమురెల్లి పిలుపు వస్తుందని ఇస్త్రీ చొక్కా తొడుక్కొని చాలాసేపు కూర్చున్నాడు. మధ్యాహ్నం దాన్ని విప్పి వంకెకు తగిలించాడు. అక్కడ నారపల్లిలో బాలనర్సింహ గేటు వైపు చూస్తూ, ఆఖరి బంతి లేచేదాకా తాను తినలేదు.

తర్వాత ఇద్దరూ పనికి వచ్చారు, కానీ అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. పిలవలేదేమని అడిగితే తిండికి ఆశపడ్డట్టు ఉంటుందని ఒకరికి, రాలేదేమని అడిగితే బతిమాలినట్టు ఉంటుందని ఇంకొకరికి. లేపు, దించు, ఆపు, అంతే. చాయ్ సైగ పోయింది. చెవి పట్టుకునే సైగా పోయింది. దాంతో బాలనర్సింహ క్యాబిన్‌లో ఫోన్ చూస్తూ ఉమాశంకర్‌కు దొరికాడు. అప్పటి నుంచి ఫోన్‌ను ఆఫీసులో పెట్టి పైకి ఎక్కాల్సి వచ్చింది. అయినా ఎండ ముదిరే వేళకు నిచ్చెన దగ్గర చల్లని నీళ్ళ బాటిల్ ఉండేది. పెట్టిందెవరో తాగేవాడికి తెలుసు. అతను కూడా కొమురెల్లి పూర్తిగా పక్కకు జరిగేదాకా బరువు కదిలించేవాడు కాదు. అలిగిన మనుషుల చేతుల్లో కూడా భగవంతుడు కొంత మంచిని మిగులుస్తాడు.

ఉమాశంకర్ ఒకరోజు ఇద్దరినీ నిలబెట్టాడు. "మీకు పడుతలేదని అందరికి తెలుసు. గిట్లాంటి జోడీతోని బరువులు లేపియ్యాలంటే నాకు భయం. కొమురెల్లి, వచ్చే వారం నుంచి నువ్వు పోచారం సైట్‌కు పో."

"మంచిదే సార్" అన్నాడు బాలనర్సింహ. కొమురెల్లి తల ఊపాడు.

ఆ శనివారం పొద్దున ఉప్పల్ కూరగాయల అంగడిలో వెంకటనర్సమ్మకు సక్కుబాయి ఎదురుపడింది.

"ఏం వదినా, పెద్దోళ్ళైన్రు. మా ఇంట్ల బువ్వ సయించదా?"

"పిలవంది ఎట్లొస్తం వదినా" అంది వెంకటనర్సమ్మ.

"పిలవంది ఏంది? నీ తలుపుకు బొట్టు వెట్టి వస్తిమి. ఇంక బ్యాండు గొట్టియ్యాల్నా?"

"ఎప్పుడు వెట్టిన్రు?"

"శుక్రారం."

వెంకటనర్సమ్మ చేతిలోని వంకాయలు బుట్టలో పెట్టేసింది. "శుక్రారం నా తలుపు నిండ బొట్లే గద వదినా."

సక్కుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. "మరి గా మగోళ్ళకు జెప్పు. మాయన ఫోన్ ఎత్తుతలేడు. ఇంట్ల మూతి ముడుసుకొని కూసుంటుండు."

వెంకటనర్సమ్మ అక్కడి నుంచే కొమురెల్లికి ఫోన్ చేసింది. అతను విని, షెడ్డులోకి నడిచాడు. పైన ఖాళీ కొక్కెంతో క్రేన్ కదులుతోంది. ఈ సంగతి చెప్పడానికి సైగ ఏదీ లేదు. రెండు చేతులూ తల పైకెత్తి జోడించాడు.

తెలియని సైగ కనిపిస్తే క్రేన్ ఆపాలి, అది పద్ధతి. బాలనర్సింహ ఆపి, గబగబా కిందికి దిగివచ్చి, కొమురెల్లిని గుమ్మం బయటికి తీసుకుపోయాడు.

"ఎవలికేమైంది బావా? దెబ్బ తాకిందా?"

"ఎవలికేం గాలె. మీరు వెట్టిన బొట్టును మా నర్సమ్మ బొట్టనుకున్నం."

బాలనర్సింహ అతని భుజం మీద ఒక్కటి చరిచాడు. "గిది జెప్పనీకి క్రేన్ ఆపిస్తివా? నా పానం వోయినంత పనైంది గద."

ఉమాశంకర్ వచ్చాడు. "ఏంది, ఇద్దరు మీటింగ్ వెట్టిన్రా?"

"సార్, బావను పోచారం పంపకుండ్రి."

"నువ్వే గద మంచిదే అన్నవ్."

"కోపంల అన్న సార్."

"మీ కోపం దిగేలోపు ఆర్డర్ పోయింది" అన్నాడు ఉమాశంకర్. ఆ మాట అన్నాక అతనికీ బాధ అనిపించినట్టుంది. క్రేన్ ఎందుకు ఆగిందని మాత్రం అడగలేదు.

కొమురెల్లి పోచారం పోయాడు. నాచారంలో బాలనర్సింహకు ఇప్పుడు రంజిత్ అనే కుర్రవాడు సైగలు చేస్తాడు, బాగానే చేస్తాడు. పోచారం నుంచి ఉప్పల్ వచ్చే బస్సు నారపల్లి మీదుగా వస్తుంది. కొన్ని సాయంత్రాలు కొమురెల్లి అక్కడ దిగి, కొత్త ఇంటి మెట్ల మీద కూర్చుంటాడు. సక్కుబాయి ఏమీ అడగదు, చాయ్ తెచ్చి పెడుతుంది. బాలనర్సింహ వచ్చేదాకా అతను అక్కడే ఉంటాడు.